ట్యాబ్ తడిసిందా? ముందు ఆఫ్ చేయండి, కోప్పడటం తర్వాత



బడులు తెరిచిన కొత్తలో మా ఏడో తరగతి అబ్బాయి ఒకడు వరుసగా రెండు రోజులు హోమ్‌వర్క్ చేయకుండా వచ్చాడు. అడిగితే తల దించుకున్నాడు. మూడో రోజు ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చి మెల్లగా సంగతి చెప్పాడు. బ్యాగులో మజ్జిగ బాటిల్ మూత సరిగ్గా పడక ట్యాబ్ తడిసిందట. ఇంటికెళ్ళి ఎవరూ చూడకుండా టవల్‌తో తుడిచి, ఆన్ చేస్తే పని చేసింది. హమ్మయ్య అనుకుని రాత్రికి ఛార్జింగ్ పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి స్క్రీన్ నల్లబడిపోయింది. నాన్న తిడతారని భయపడి దాన్ని బీరువాలో బట్టల కింద దాచేశాడు.

ఆ ట్యాబ్ ఇక బాగుపడలేదు. రిపేరు చేసే ఆయన లోపలి బోర్డు మీద పట్టిన పచ్చటి చిలుము చూపించి, "తడిసిన వెంటనే ఆఫ్ చేసి తెచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాణ్ణి" అన్నారట. మజ్జిగ ఎంత పాడు చేసిందో, ఆ రాత్రి పెట్టిన ఛార్జింగ్, దాచిపెట్టిన రోజులు కూడా అంత పాడు చేశాయి. మన ఇళ్ళలో ఫోన్లు, ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లు పిల్లల చదువులో భాగమైపోయాయి కాబట్టి ఈ నెల దీని గురించే రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది?

"నీళ్ళు పడ్డాయి, ఇక పోయినట్టే" అని చాలామంది అనుకుంటారు. నిజానికి నీళ్ళు ఒక్కటే అయితే అంత త్వరగా పాడు చేయవు. నీళ్ళూ కరెంటూ కలిస్తేనే అసలు నష్టం.

దీన్ని పిల్లలు సైన్సు ల్యాబ్‌లోనే చూస్తారు. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు తీగలు ముంచి బ్యాటరీకి, చిన్న ఎల్‌ఈడీకి కలిపితే ఎల్‌ఈడీ వెలగదు. అందులో చిటికెడు ఉప్పు వేస్తే వెలుగుతుంది. మన కుళాయి నీళ్ళలో, బోరు నీళ్ళలో ఉప్పులు ముందే కరిగి ఉంటాయి. ట్యాబ్ ఆన్‌లో ఉన్నప్పుడు అలాంటి నీళ్ళు బోర్డు మీదికి చేరితే, కలవకూడని రెండు చోట్ల మధ్య కరెంటుకు దారి ఏర్పడుతుంది. అదే షార్ట్ సర్క్యూట్.

ఇది అప్పటికప్పుడు జరిగే నష్టం. రెండోది నెమ్మదిగా జరుగుతుంది. తడి ఉన్నచోట కరెంటు పారుతున్నంతసేపూ బోర్డులోని సన్నని రాగి దారులు కొద్దికొద్దిగా కరిగిపోతాయి, రాగి బిందెకు పట్టినట్టు చిలుము పడుతుంది. అందుకే తడిసిన ఫోన్ ఆ రోజు బాగానే పని చేసి, నాలుగు రోజుల తర్వాత ఆగిపోవచ్చు. "పని చేస్తోందిగా" అన్నది ధీమా పడాల్సిన మాట కాదు.

మొదటి అయిదు నిమిషాల్లో

1. ఛార్జింగ్‌లో ఉంటే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి. చేతులు పొడిగా ఉండాలి. ప్లగ్గో సాకెట్టో తడిసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా మెయిన్ దగ్గర ఎంసీబీ దించండి. పిల్లల్ని అక్కడి నుంచి దూరంగా పంపండి. వస్తువు కంటే మనుషులు ముఖ్యం.

2. పూర్తిగా పవర్ ఆఫ్ చేయండి. పక్క బటన్ నొక్కితే స్క్రీన్ మాత్రమే ఆరుతుంది, లోపల అంతా నడుస్తూనే ఉంటుంది. పిల్లలు దీన్నే ఆఫ్ అనుకుంటారు. మీ ఫోన్‌ను పూర్తిగా ఎలా ఆఫ్ చేయాలో ఈ రోజే పిల్లలకు ఒకసారి చేయించి చూపించండి.

3. పౌచ్, సిమ్ ట్రే, మెమరీ కార్డు, ఇయర్‌ఫోన్స్ తీసేయండి. బ్యాటరీ ఊడివచ్చే మోడల్ అయితే బ్యాటరీ కూడా తీయండి.

4. పొడి నూలుగుడ్డతో అద్దండి. ఛార్జింగ్ పెట్టే రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి. గట్టిగా విదిలిస్తే నీళ్ళు బయటికి రాకపోగా ఇంకా లోపలికి పోతాయి.

5. ఆ రంధ్రం కిందికి ఉండేలా నిలబెట్టి ఫ్యాన్ గాలికి వదిలేయండి. కనీసం ఒక రోజు, బాగా తడిసి ఉంటే రెండు రోజులు. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది కనుక ఇంకా ఎక్కువసేపు పడుతుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో, బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి ఉంచితే, మూత గట్టిగా పడే డబ్బాలో వాటితో పాటు ఫోన్‌ను పెట్టవచ్చు.

ఈ లోపు ఎంత ఆత్రంగా ఉన్నా ఆన్ చేసి చూడకండి. కష్టమైన పని ఇదొక్కటే.

చేయకూడనివి

బియ్యం డబ్బాలో పెట్టడం. ఇది మనందరి ఇళ్ళలో చెప్పుకునే చిట్కా. కానీ బియ్యం లోపలి నీటిని పీల్చలేదు. దాని పొడి, సన్నని నూక మాత్రం రంధ్రాల్లోకి పోతాయి. ఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థే తన వినియోగదారులకు స్పష్టంగా చెప్పింది. బియ్యంలో పెట్టినప్పుడు బాగుపడిన ఫోన్లు చాలావరకు బియ్యం వల్ల కాదు, ఆ ఒకటి రెండు రోజులు ఆఫ్ చేసి వదిలేసినందువల్ల బాగుపడినవే.

హెయిర్ డ్రయర్ పెట్టడం, ఎండలో ఆరబెట్టడం. వేడికి లోపలి జిగురు వదులవుతుంది, బ్యాటరీ దెబ్బతింటుంది. నోటితో ఊదినా, డ్రయర్ గాలి కొట్టినా నీళ్ళు ఇంకా లోపలికే పోతాయి.

ఛార్జింగ్ పెట్టడం. "ఛార్జ్ అయిపోయి ఆగిందేమో" అని వైరు పెట్టి చూస్తాం. మిగతావన్నీ సరిగ్గా చేసినా ఇదొక్కటి చాలు పాడు చేయడానికి. ఫోన్ తనంతట తానే ఛార్జింగ్ పోర్టులో తడి ఉందని హెచ్చరిక చూపిస్తే, దాన్ని పక్కకు తోసి ఛార్జ్ చేయకండి.

దూది పుల్లలు, పిన్నులు, టిష్యూ పేపర్ లోపలికి దూర్చడం. ముక్కలు అక్కడే ఉండిపోతాయి.

ఒలికింది ఏమిటో కూడా చూడాలి

మంచినీళ్ళు ఆరిపోతే పెద్దగా ఏమీ మిగలదు. టీ, కాఫీ, పాలు, జ్యూస్ ఆరితే చక్కెర, పాలపదార్థం జిగటగా అంటుకుపోతాయి. కూల్ డ్రింకుల్లో ఆమ్లం కూడా ఉంటుంది. చారు, మజ్జిగ, సముద్రపు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాగి మళ్ళీ తడి చేస్తుంది.

అందువల్ల మంచినీళ్ళు కానిది ఏది పడినా ఆరబెడితే సరిపోదు. ఆఫ్ చేసి, తుడిచి, ఆ రోజే రిపేరు షాపుకు తీసుకెళ్ళండి. వాళ్ళు విప్పి, నీళ్ళు దాదాపు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడుగుతారు. అది జిగటను కరిగించి త్వరగా ఆవిరైపోతుంది. ఇంట్లో ఉన్న శానిటైజర్ దానికి బదులు కాదు. అందులో నీళ్ళు, చర్మం ఎండిపోకుండా వేసే గ్లిజరిన్ లాంటివి ఉంటాయి.

ల్యాప్‌టాప్, చిన్న వస్తువులు

ల్యాప్‌టాప్‌లో కీబోర్డు కిందే బోర్డు ఉంటుంది కాబట్టి క్షణాలు లెక్క. గోడ స్విచ్ ఆపి ఛార్జర్ తీసేయండి. పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా నొక్కి పట్టండి, సాధారణంగా 10 సెకన్లు చాలు. సేవ్ చేయని పని పోతే పోనివ్వండి. తర్వాత మూత తెరిచి, టవల్ మీద బోర్లించి గుడారంలా నిలబెట్టండి. కీబోర్డు నేల వైపు ఉండాలి. పడిన దారినే నీళ్ళు బయటికి కారిపోతాయి. అటూ ఇటూ ఊపకండి.

ల్యాప్‌టాప్ బాగుపడకపోయినా అందులోని ఫైళ్ళను చాలాసార్లు బయటికి తీయవచ్చు. షాపులో ఆ సంగతి ముందే అడగండి. పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలు వారానికి ఒకసారైనా ఇంకోచోట కాపీ చేసుకునే అలవాటు ఉంటే ఆ బెంగే ఉండదు.

కాలిక్యులేటర్, టీవీ రిమోట్, వైర్‌లెస్ మౌస్ అయితే ముందు సెల్స్ తీసేయండి, తర్వాత బాగా ఆరనివ్వండి. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ తడిస్తే వెంటనే వాటి డబ్బాలో పెట్టకండి, ఆ డబ్బాయే వాటి ఛార్జర్.

"మాది వాటర్‌ప్రూఫ్ ఫోనే కదా!"

డబ్బా మీద ఐపీ 67 అని ఉంటే, మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. ఐపీ 68కి లోతు, సమయం కంపెనీ చెబుతుంది. ఆ పరీక్షలు కొత్త ఫోన్‌కు, మంచినీళ్ళలో చేస్తారు. సబ్బు నీళ్ళకు, టీకి అవి వర్తించవు. కిందపడిన ఫోన్‌కు, స్క్రీన్ మార్పించిన ఫోన్‌కు ఆ రక్షణ తగ్గిపోతుంది.

నీళ్ళ వల్ల పాడైతే మామూలు వారంటీ సాధారణంగా వర్తించదు. చాలా ఫోన్లలో తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకు మారే చిన్న గుర్తు ఉంటుంది. కాబట్టి షాపులో దాచాల్సిన పని లేదు. ఏం ఒలికింది, ఎప్పుడు ఒలికింది, తర్వాత ఛార్జింగ్ పెట్టారా అన్నవి ఉన్నదున్నట్టు చెబితే వాళ్ళకు పని తేలిక.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. తడిసిన వస్తువు వేడెక్కుతున్నా, వెనకవైపు ఉబ్బినా, ఘాటు వాసన వస్తున్నా అది బ్యాటరీ ప్రమాదం. నొక్కకండి, గుచ్చకండి, ఛార్జ్ చేయకండి. పరుపులకు, కర్టెన్లకు దూరంగా, గాలి ఆడేచోట గచ్చు మీద పెట్టి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. పొగ వస్తే దగ్గరికి వెళ్ళకుండా అందరూ బయటికి వచ్చేయండి.

చివరగా, పిల్లల సంగతి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మొదటి నిమిషాల్లో మనకు విషయం తెలిస్తేనే పనికొస్తాయి. ఆ నిమిషాల్లో అక్కడ ఉండేది ఎక్కువగా పిల్లలే. ఖరీదైన వస్తువు తడిస్తే మనకు కోపం రావడం సహజం. దాని వెనక మన కష్టార్జితం ఉంటుంది. కానీ తిడతారన్న భయం ఉన్న పిల్లలు ముందు దాస్తారు, తర్వాత రహస్యంగా ఛార్జింగ్ పెట్టి చూస్తారు. ఆ అబ్బాయి నాన్నగారు నాతో అన్న మాట ఇది: "వెంటనే చెప్పి ఉంటే తిట్టేవాణ్ణేమో టీచర్, కానీ ట్యాబ్ మిగిలేది. ఇప్పుడు తిట్టడానికి కూడా మనసు రావట్లేదు. మూడు రోజులు వాడు సరిగ్గా అన్నం కూడా తినలేదట."

అందుకని ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని రెండు మాటలు అనుకోండి. ఏదైనా తడిస్తే ఆఫ్ చేసి వెంటనే అమ్మకో నాన్నకో చెప్పాలి, అది పిల్లల వంతు. వెంటనే చెప్పినవాళ్ళను ఆ పూట తిట్టకూడదు, అది మన వంతు. బాటిల్ ఎప్పుడూ బ్యాగు పక్క జేబులోనే ఉండాలని, మూత బిగించి ఒకసారి తలకిందులు చేసి చూడాలని కూడా చెప్పండి. మా క్లాసులో ఇప్పుడు పొద్దున్నే అందరం అదే చేస్తున్నాం.