విచారించేవారికి రెండు భాషలు ఎందుకు రావాలి?
(కెనడా జాతీయ పోలీసు శాఖలోని న్యాయనిర్ణేతల ఉద్యోగంపై ఒక పరిచయం)

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. అవి అవసరమే. ఈసారి మాత్రం మనలో చాలామంది పేరు కూడా వినని ఒక ఉద్యోగం గురించి చెప్పదలచుకున్నాం. "ఎక్కడో కెనడాలో ఉన్న ఉద్యోగంతో మనకేం పని?" అని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడగవచ్చు. ఆ ఉద్యోగం మనకు రాకపోవచ్చు గానీ, దానికి పెట్టిన ఒక అర్హత వెనక ఉన్న ఆలోచన మనకు చాలా దగ్గరిది. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు కాగితం ముందు తడబడిన ప్రతి ఒక్కరికీ అది అర్థమవుతుంది.

తప్పు చేశాడన్న ఆరోపణ వచ్చిన పోలీసును విచారించి, అతన్ని ఉద్యోగంలో ఉంచాలో తీసేయాలో తేల్చే న్యాయనిర్ణేత ఉద్యోగం అది. న్యాయశాస్త్రం చదివి ఉండాలి. దానితోపాటు ఇంగ్లీషు, ఫ్రెంచి రెండు భాషలూ వచ్చినవారి కోసం ఆ శాఖ చూస్తుంది. రెండు భాషలు ఎందుకు? దుబాసీని పెట్టుకుంటే సరిపోదా? ఈ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

ఏమిటా పోలీసు శాఖ?

దాని పేరు రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీస్. క్లుప్తంగా ఆర్.సి.ఎం.పి. అంటారు. 'మౌంటెడ్' అంటే గుర్రమెక్కినవారు. 1873లో పడమటి ప్రాంతాల కోసం గుర్రపు దళంగా మొదలై, 1920లో ఇప్పటి పేరుతో దేశమంతటికీ చెందిన పోలీసు శాఖగా మారింది. ప్రధాన కార్యాలయం రాజధాని ఒట్టావాలో ఉంది. కొత్తగా చేరినవారికి రెజైనా నగరంలో 26 వారాల శిక్షణ ఇస్తారు.

మన రాజ్యాంగం ప్రకారం పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలోని అంశం. కెనడాలో పద్ధతి వేరు. అక్కడ 10 ప్రావిన్సులుంటే 8 ప్రావిన్సులు, 3 టెరిటరీలు ఒప్పందం మీద ఈ జాతీయ శాఖ చేతనే తమ పోలీసు పని చేయించుకుంటున్నాయి. ఆంటారియో, క్యూబెక్ ప్రావిన్సులకు మాత్రం సొంత ప్రావిన్సు పోలీసు శాఖలున్నాయి. అంటే మంచు కప్పిన పల్లెలో దొంగతనం జరిగినా, దేశ సరిహద్దులో స్మగ్లింగ్ జరిగినా వచ్చేది చాలాచోట్ల ఈ ఒక్క శాఖ మనిషే. అలాంటి మనిషి తప్పు చేస్తే ఎవరు విచారించాలి, ఏ భాషలో విచారించాలి అన్నది చిన్న విషయం కాదు.

విచారణ ఎలా జరుగుతుంది?

మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగి మీద ఆరోపణ వస్తే ఛార్జి మెమో ఇచ్చి, శాఖాపరమైన విచారణ జరిపి, సంజాయిషీ విన్న తర్వాతే చర్య తీసుకోవాలి. రాజ్యాంగంలోని 311వ అధికరణం చెప్పేది ఇదే. కెనడా పోలీసుల విషయంలోనూ మూలసూత్రం ఇలాంటిదే.

అక్కడ 2014 నవంబరు దాకా ఆ శాఖకు చెందిన ముగ్గురు అధికారుల బోర్డు విచారించేది. ఆ ముగ్గురిలో ఒక్కరికైనా న్యాయశాస్త్ర పట్టా ఉండాలి. 2013లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2014 నవంబరు 28 నుంచి కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. చిన్న తప్పులను పై అధికారి స్థాయిలోనే తేలుస్తారు. ఉద్యోగం నుంచి తొలగించాలని కోరే పెద్ద కేసులు మాత్రం 'కండక్ట్ బోర్డు' ముందుకు వస్తాయి. ఈ బోర్డులో ఒక్కరే ఉన్నా సరిపోతుంది.

ఈ బోర్డు విచారణ సాధారణంగా బహిరంగంగానే జరుగుతుంది. ఇరుపక్షాల వాదనలు, సాక్షుల మాటలు విని, కారణాలతో సహా రాతపూర్వకంగా నిర్ణయం ఇవ్వాలి. ఆరోపణ రుజువైతే జీతంలో కోత, హోదా తగ్గింపు, రాజీనామాకు ఆదేశం, తొలగింపు వంటి చర్యలుంటాయి. దానిపై శాఖ కమిషనర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఫెడరల్ కోర్టుకు వెళ్ళవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. క్రిమినల్ కేసులో మాదిరి ఏ సందేహానికీ తావులేని రుజువు ఇక్కడ అక్కరలేదు. ఆ తప్పు జరగలేదనడం కన్నా జరిగిందనడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. అంటే ఇది త్రాసు లాంటి విచారణ. సాక్షి చెప్పిన మాట ఒక్క వీసం అటో ఇటో ఒరిగినా తీర్పు మారిపోతుంది. ఒక పక్క ఒక కుటుంబానికి అన్నం పెట్టే ఉద్యోగం, మరో పక్క పోలీసు చేతిలో అవమానపడ్డ మనిషి గౌరవం. ఇంట్లో ఒక్క ఉద్యోగం మీద ఎంతమంది ఆధారపడి ఉంటారో మనకు వేరే చెప్పాలా?

దుబాసీ ఉంటే చాలదా?

మాటకు అర్థం ఒక్కటే ఉండదు, తీరు కూడా ఉంటుంది. చీకటి పడ్డా ఇంటికి రాని కొడుకుని చూసి అమ్మ "రా ఇంటికి, కాళ్ళు విరగ్గొడతా" అంటుంది. తెలుగువాడెవడూ దాన్ని బెదిరింపు అనుకోడు. అదే మాటను అక్షరాలా ఇంగ్లీషులోకి మార్చి కాగితం మీద పెడితే, చదివిన పరాయివాడికి ఆ తల్లి నేరస్థురాలిలా కనిపిస్తుంది.

గౌరవం సంగతి మరొకటి. మనకు 'నువ్వు', 'మీరు' రెండూ ఉన్నాయి. ఫ్రెంచిలోనూ 'తు', 'వూ' అని రెండున్నాయి. ఇంగ్లీషులో ఆ రెంటికీ కలిపి 'యూ' ఒక్కటే. ఒక పోలీసు తెలియని పెద్దమనిషిని 'తు' అని పిలిచాడనుకోండి. ఫ్రెంచి వచ్చినవారికి ఆ మాటలోని చులకన వెంటనే తగులుతుంది. ఇంగ్లీషు అనువాదంలో 'యూ' అని మాత్రమే మిగులుతుంది. అవమానం దారిలోనే రాలిపోతుంది. 'ఏరా', 'ఒరేయ్' అనే పిలుపులు ఎవరి నోటి నుంచి ఎవరి మీదికి వస్తాయో తెలిసిన మనకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడిచే దూషణ కేసుల్లో పదిమంది ముందు ఏ మాట అన్నాడన్నదే కేసుకు ప్రాణం.

మూడోది, ఒకేలా వినిపించే మాటలు. ఫ్రెంచిలో 'దుమాందే' అంటే మామూలుగా అడగడం. దాన్ని పోలిన ఇంగ్లీషు మాట 'డిమాండ్' అంటే గట్టిగా పట్టుబట్టడం. "ఆ అధికారి నన్ను డబ్బు అడిగాడు" అన్నదానికీ, "డబ్బు కోసం పట్టుబట్టాడు" అన్నదానికీ ఎంత తేడా!

అందుకే కెనడా అధికార భాషల చట్టం ఒక గట్టి నియమం పెట్టింది. ఆ చట్టం మొదట 1969లో వచ్చింది. 1988లో తిరగరాశారు. 2023లో మళ్ళీ సవరించారు. ఫెడరల్ చట్టం కింద ఏర్పడి న్యాయనిర్ణయం చేసే సంస్థల్లో, కక్షిదారు ఎంచుకున్న అధికార భాషను విచారణ చేసేవారు దుబాసీ సాయం లేకుండా స్వయంగా అర్థం చేసుకోగలగాలి. 2023 దాకా సుప్రీంకోర్టుకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉండేది. ఆ ఏడాది దాన్నీ తీసేశారు.

రెండు తీర్పులు

ఈ ఆలోచన గట్టిపడటానికి కెనడా సుప్రీంకోర్టు తీర్పులు సాయపడ్డాయి. 1999 నాటి బోలాక్ కేసులో బ్రిటిష్ కొలంబియాకు చెందిన ఒక హత్యకేసు నిందితుడు తనకు రెండు భాషలూ వచ్చిన జడ్జి, జ్యూరీ ముందు విచారణ కావాలని కోరాడు. అతనికి ఇంగ్లీషు వచ్చు కదా అన్నది ఎదుటి వాదన. ఇంగ్లీషు వచ్చినా రాకపోయినా దానితో సంబంధం లేదని, భాషను ఎంచుకోవడం అతని హక్కని, కోర్టు దయతలచి ఇచ్చే సదుపాయం కాదని సుప్రీంకోర్టు చెప్పి, మళ్ళీ విచారణ జరపమంది.

రెండోది నేరుగా ఆర్.సి.ఎం.పి.కి సంబంధించినది. 2000లో న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్సులో ఒక మహిళ కారు వేగంగా నడిపిందని ఆ శాఖ పోలీసు ఆపాడు. ఆమె ఫ్రెంచిలో మాట్లాడబోతే ఆయనకు ఆ భాష రాదు. రాజ్యాంగం ప్రకారం రెండు అధికార భాషలున్న ప్రావిన్సు అదొక్కటే. అక్కడి పోలీసు పని చేస్తున్నప్పుడు ఆ శాఖ రెండు భాషల్లోనూ సేవలందించాలని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ రెండు తీర్పుల్లోనూ ప్రధాన అభిప్రాయం రాసినది జస్టిస్ మిషెల్ బస్తరాష్. పదవీ విరమణ తర్వాత, ఆర్.సి.ఎం.పి.లో పనిచేసిన మహిళలు ఎదుర్కొన్న లైంగిక వేధింపుల పరిహార దరఖాస్తులను పరిశీలించే బాధ్యత ఆయనకే వచ్చింది. 2,304 మంది మహిళలకు పరిహారం దక్కింది. ఈ శాఖ తనంతట తాను లోపలినుంచి మారగలదా అని ఆయన 2020 నివేదికలో గట్టిగా సందేహించారు. పోలీసు తప్పును తేల్చే మనిషికి చట్టం తెలిసి ఉండటం, ఎవరి వైపూ మొగ్గకుండా ఉండటం, సాక్షి భాష రావడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అర్హతను ఎలా కొలుస్తారు?

కెనడా ఫెడరల్ ప్రభుత్వంలో న్యాయవాది ఉద్యోగాలకు లా డిగ్రీతోపాటు అక్కడి ఏదో ఒక ప్రావిన్సు న్యాయవాదుల సంఘంలో సభ్యత్వానికి అర్హత అడుగుతారు. మన దేశంలో లా చదివి అక్కడికి వెళ్ళిన తెలుగువారు కూడా ముందు నేషనల్ కమిటీ ఆన్ అక్రెడిటేషన్ చేత తమ చదువును మదింపు చేయించుకుని, అది చెప్పిన పరీక్షలు రాయాలి.

భాషకు వేరే పరీక్ష ఉంది. చదవడం, రాయడం, మాట్లాడటం అని మూడు భాగాలు. ఒక్కోదానికి ఎ, బి, సి అని మూడు స్థాయిలు. సి అన్నిటికన్నా పైది. ప్రకటనలో 'సి బి సి' అని ఉంటే చదవడంలో సి, రాయడంలో బి, మాట్లాడటంలో సి రావాలని అర్థం. ఈ ఫలితం 5 ఏళ్ళు చెల్లుతుంది. కొన్ని పోస్టులకు చేరేనాటికే భాష వచ్చి ఉండాలి. మరికొన్నిటికి చేరిన తర్వాత నేర్చుకోవడానికి రెండేళ్ళ గడువు ఇస్తారు.

"ఈయనకు భాష బాగా వచ్చులే" అన్న పెద్దల మాట మీదో, ఇంటర్వ్యూలో గలగలా మాట్లాడిన తీరు మీదో వదిలేయకుండా, కొలిచి చూడటం ఇందులోని మంచి.

నాణేనికి రెండోవైపు

ఈ పద్ధతిలో లోటు లేదని మేము అనడం లేదు. 2021లో మేరీ సైమన్ కెనడా గవర్నర్ జనరల్ అయ్యారు. ఆదివాసీ సమాజాల నుంచి ఆ పదవికి వచ్చిన తొలి వ్యక్తి. ఆమెకు ఇంగ్లీషు, ఇనుక్టిటుట్ వచ్చు, ఫ్రెంచి రాదు. వందల ఫిర్యాదులు వెళ్ళాయి. తాను చదివిన ప్రభుత్వ బడిలో ఫ్రెంచి నేర్చుకునే అవకాశమే దక్కలేదని ఆమె చెప్పారు. నేర్పని భాషను అర్హతగా అడిగితే అది గోడే అవుతుంది. ఇది మనకు కొత్త కాదు.

ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ రానివారి మాటేమిటి? వారికి దుబాసీ హక్కును అక్కడి రాజ్యాంగం ఇచ్చింది. ఆ దుబాసీ పని నిరంతరంగా, కచ్చితంగా, నిష్పక్షపాతంగా సాగాలని 1994లో ట్రాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ హక్కు ఉన్నది విచారణ గదిలో. 2007 అక్టోబరులో పోలండ్ నుంచి వాంకూవర్ విమానాశ్రయంలో దిగిన రాబర్ట్ జెకాన్‌స్కీకి ఇంగ్లీషు రాదు. గంటల తరబడి అక్కడే చిక్కుకుపోయి, అలసి, కలత చెంది ఉన్న ఆయన మీద ఆర్.సి.ఎం.పి. పోలీసులు వచ్చిన నిమిషంలోపే కరెంటు షాకిచ్చే టేజర్ ప్రయోగించారు. ఆయన అక్కడే చనిపోయాడు. అలా చేయడం సమర్థనీయం కాదని విచారణ కమిషన్ 2010లో తేల్చింది.

మన సంగతి

మన హైకోర్టుల భాష ఇంగ్లీషు. రాజ్యాంగం 348వ అధికరణం అలా చెప్పింది. సాక్ష్యం నిందితుడికి అర్థమయ్యే భాషలో వినిపించాలని మన క్రిమినల్ ప్రొసీజర్ కూడా చెబుతోంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. మంచి అడుగు. అయినా తన గురించి రాసిన కాగితంలో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేసే మనిషి ఇప్పటికీ మన వాడల్లో ఉన్నాడు.

మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఊరికి వెళ్తే ఎవరో ఒకరు కవరు పట్టుకుని వస్తారు, "ఇందులో ఏముందో చూడు నాయనా" అని. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ దగ్గరికీ వస్తారు. అప్పుడు సగం చదివి "ఏం లేదులే" అని పంపకండి. ప్రతి వాక్యమూ తెలుగులో చెప్పండి. వాళ్ళు చెప్పింది ఇంగ్లీషులో రాయాల్సి వస్తే వాళ్ళ మాట బరువు తగ్గకుండా రాయండి. రోజూ స్టడీ అవర్‌లో ఒకే వార్తను తెలుగు పేపర్లో, ఇంగ్లీషు పేపర్లో పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ పని అలవాటవుతుంది. లా చదవాలనుకునేవారు తెలుగు వదిలేయాలని ఎవరైనా చెబితే నమ్మకండి. మన తాలూకా కోర్టులో సాక్షి బోనెక్కేది తెలుగే.