పాపసంకీర్తన రహస్యం ఎంతవరకు?

పిల్లలపై లైంగిక హింస గురించి పాపసంకీర్తనంలో విన్న కేథలిక్ గురువు ఆ మాట పోలీసులకు చెప్పాలా? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2025లో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది.

అక్కడ టీచర్లు, డాక్టర్లు ఇలాంటి నేరాల గురించి తెలిస్తే ఫిర్యాదు చేసి తీరాలి. 2025 మేలో గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ సంతకం చేసిన చట్టం మతగురువులనూ ఆ జాబితాలో చేర్చింది. పాపసంకీర్తనానికి మినహాయింపు ఇవ్వలేదు. అక్కడ విన్నది బయటపెట్టిన గురువుకు చర్చి చట్టం ప్రకారం పడే శిక్ష వెలి. అందుకే ఇది మత స్వేచ్ఛపై దాడి అంటూ బిషప్పులు కోర్టుకు వెళ్లారు. జులైలో ఫెడరల్ జడ్జి ఆ నిబంధన అమలును ఆపారు. అక్టోబర్‌లో రాజీ కుదిరింది: గురువులు జాబితాలోనే ఉంటారు, పాపసంకీర్తనంలో విన్నదానికి మాత్రం చర్య ఉండదు.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. పాపసంకీర్తనంలో వచ్చే సమాచారం తక్కువేమో గానీ, లేకపోలేదు. నేరం చేసిన గురువులూ, బాధిత పిల్లలూ అక్కడ ఆ మాట చెప్పిన ఉదంతాలు ఉన్నాయని ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ 2017లో తేల్చింది. మినహాయింపు వద్దని సిఫారసు చేసింది. ఆ తర్వాత విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలు అలాగే చట్టాలు చేశాయి.

రెండోది, చర్చి దాచిన నేరాల్లో చాలావాటికి ఈ రహస్యంతో సంబంధమే లేదు. 2002లో బోస్టన్‌లో బయటపడ్డ నేరాల గురించి చర్చి పెద్దలకు తల్లిదండ్రుల ఫిర్యాదులు, ఉత్తరాల ద్వారా ముందే తెలుసు. అయినా నిందితుడైన గురువును ఒక విచారణ నుంచి మరో విచారణకు బదిలీ చేస్తూ పోయారు. ఆఫీసు ఫైల్లో ఉన్న ఫిర్యాదు పాపసంకీర్తనం కాదు.

మన దేశంలో పోక్సో చట్టం, 2012 సెక్షన్ 19 నేరం గురించి తెలిసిన 'ఏ వ్యక్తి' అయినా పోలీసులకు చెప్పాలంటుంది. గురువులకు వేరే మినహాయింపు రాయలేదు. సెక్షన్ 21 ప్రకారం చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చే మత స్వేచ్ఛ కూడా ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడినదే.

తెలుగు రాష్ట్రాల కేథలిక్కుల్లో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బడి, హాస్టల్, గుడి ఒకే కాంపౌండులో ఉన్నచోట కూలి చేసుకునే తల్లి ఫాదర్ మీద నోరు విప్పడం తేలిక కాదు. ఆమెకు తోడుగా వెళ్లేవాళ్లు ముందు 1098కి ఫోన్ చేయాలి, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 'మేమే విచారిస్తాం' అని బిషప్ ఆఫీసు అన్నా ఆగనక్కర్లేదు. ఆ ఆఫీసుకు విషయం తెలిసిన క్షణం నుంచి పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత దానికీ ఉంది.