చిన్న కంపెనీల స్విస్ గడియారములు: వాని మేలిమి నెఱుగు విధము

మూడేండ్ల క్రిందట మా పాఠశాలలో చిరకాలము లెక్కలు చెప్పిన యుపాధ్యాయులొకరు పదవీ విరమణము చేసిరి. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, నౌకరులు కలిసి ముప్పదియెనిమిది మంది తలకొక వేయి రూపాయలు వేసికొని వారికొక చేతిగడియారమును బహూకరింప నిశ్చయించిరి. దానిని ఎన్నుకొను భారము ఈ వ్యాసము వ్రాయుచున్న మాపై బడెను. మేము మిక్కిలి యుత్సాహముతో వెదకి, పెద్ద పేరు లేని యొక చిన్న కంపెనీవారి గడియారమును తెప్పించితిమి. దాని ముఖముపై "స్విస్ మూవ్‌మెంట్" అని యుండుటయే మాకు చాలినది. పదునొకండు నెలలు గడచునప్పటికి అది నిలిచిపోయెను. కంపెనీవారికి వ్రాసిన మూడు జాబులకును బదులు రాలేదు.

తుదకు బజారులోని గడియారముల మేస్త్రి వెనుక మూత విప్పి, కంటికి భూతద్దము తగిలించుకొని చూచి, "మాస్టరుగారూ, లోపలి మిషను అసలైనదేనండి, స్విట్జర్లాండుదే. నీళ్లు దిగి త్రుప్పు పట్టిపోయిందండి" అని చెప్పెను. కీ త్రిప్పు బొడిపె యొద్ద నుండవలసిన రబ్బరు వాషరు సరిగా అమరలేదు. మా సముద్రతీరపు ఉక్కయు చెమటయు ఆ సందున లోనికి చేరినవి. అనగా ముఖముపై వ్రాసిన మాట సత్యమే. ఆ మాట చెప్పని సంగతులను మేము విచారింపలేదు. సహోద్యోగుల సొమ్ము చేతబట్టుకొని అట్లు మోసపోయినందులకు మాకు గలిగిన సిగ్గు చెప్పనలవి కాదు.

ఈ సంవత్సరము మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయినిగారు విరమింపనున్నారు. మరల ఆ భారమును మాకే యప్పగించిరి. ఏల యప్పగించిరో మాకు నేటికిని దెలియదు. ఈ నడుమ మేము చదివియు, మేస్త్రి ప్రక్కన గూర్చుండియు నేర్చుకొన్నది మా విద్యార్థులకు, వారిలో ముఖ్యముగా మొదటి జీతముతో గడియారము కొనదలచు పూర్వవిద్యార్థులకు, ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట ఆ మాటల యర్థము. "స్విస్ మేడ్" అను మాటను గడియారముపై ఎవరు వ్రాసికొనవచ్చునో స్విట్జర్లాండు ప్రభుత్వము 1971లో శాసనము చేసెను. 2017 జనవరి 1వ తేదీ నుండి ఆ శాసనము మఱింత కఠినమైనది. లోపలి యంత్రము స్విట్జర్లాండుది కావలెను. దానిని కేసులో నమర్చుటయు, కడపటి పరీక్షయు ఆ దేశముననే జరుగవలెను. మొత్తము ఉత్పత్తి వ్యయములో నూటికి 60 పాళ్లకు తక్కువ కాకుండ అచ్చటనే వ్యయము కావలెను. "స్విస్ మూవ్‌మెంట్" అను మాట యిందులో నొక భాగమునకే సాక్ష్యము. యంత్రము మాత్రము స్విట్జర్లాండు నుండి వచ్చినదనియే దాని భావము. కేసు, అద్దము, ముండ్లు, పట్టీ ఏ దేశమునందైనను చేయబడియుండవచ్చును; అన్నిటిని ఒకటిగా గూర్చిన చోటును మఱియొక దేశము కావచ్చును. ఇది మోసము కాదు. ఇతర దేశములందు చక్కని కేసులు చేయు నేర్పరులు పెక్కుమంది కలరు. కాని రెండు మాటలను ఒకటిగా భ్రమించి, రెండవ దానికి మొదటి దాని వెల నిచ్చుట కొనువాని తెలివితక్కువ. మేము చేసినది అదియే.

ఇక యంత్రము. ముడుచుకొన్న పెద్ద స్ప్రింగు విచ్చుకొనుచు పండ్ల చక్రములను త్రిప్పును. ఆ వేగమును కొలతకు లోబరచుటకై బాలెన్సు చక్రము అటునిటు నూగుచుండును. దాని యూపును వెండ్రుక కంటె సన్నని తీగచుట్ట యొకటి నియమించును. స్వయముగా కీ యెక్కు గడియారములలో మన చేయి కదలినపుడెల్ల అర్ధచంద్రాకారపు బరువొకటి తిరిగి స్ప్రింగును చుట్టును. చిన్న కంపెనీలవారు ఇట్టి యంత్రమును తామై చేయజాలరు. అందులకు కావలసిన మూలధనము గొప్పది. కావున తయారైన యంత్రమును కొని తమ కేసులో నమర్చుకొందురు. చిరకాలము వారికి ఈటా అను కంపెనీయే యాధారము. అది స్వాచ్ గ్రూపునకు చెందినది. ఇతరులకు విడి యంత్రములను క్రమముగా మానివేయుదుమని ఆ గ్రూపువారు 2002లో ప్రకటింపగా, అచ్చటి పోటీ వ్యవహారముల కమిషను కలుగజేసికొని ఆ మానుటను పెక్కేండ్లు ఆలస్యము చేసినది. ఈలోపల లా షో ద ఫోన్ పట్టణమందలి సెల్లీటా కంపెనీ, పేటెంటు గడువు తీరిన ఈటా 2824 మాదిరిని అనుసరించి ఎస్.డబ్ల్యు. 200 అను యంత్రమును చేయసాగెను. నేడు చిన్న కంపెనీల స్విస్ గడియారములలో ఇది తఱచుగా గనబడును.

ఈ రెండును ఇంచుమించు అన్నదమ్ములు. రెండింటి మందము 4.6 మిల్లీమీటర్లు. రెండును గంటకు 28,800 మారులు, అనగా సెకండునకు ఎనిమిది మారులు, కొట్టుకొనును. ఒకదానిలో 25 రత్నములు, రెండవదానిలో 26. రత్నములన్నంతనే కొందఱు ఆశపడుదురు. ఇవి నగలలోని కెంపులు కావు. అగస్తు వెర్న్యూయి అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1902లో ప్రకటించిన పద్ధతి వచ్చిన పిమ్మట కృత్రిమమైన కెంపు కారుచౌకగా లభించుచున్నది. ఇరుసులు ఒరిసికొని అరుగకుండుటయే వాని పని. కీ యిచ్చు సాధారణ గడియారమునకు 17 చాలును. ఒకానొక కాలమున అమెరికాలో నూఱు రత్నములు గుచ్చిన గడియారమును సైతము అమ్మిరి. పనికి కాదు, ప్రకటనకే. రత్నముల సంఖ్య నెక్కువగా చాటువానిని చూచి మనము రెండడుగులు వెనుకకు వేయుట మేలు.

అడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఒకే పేరుగల యంత్రము నాలుగు తరగతులుగా అమ్మబడును: స్టాండర్డు, ఎలబోరే, టాప్, క్రోనోమీటరు. ఈటా 2824 విషయమున స్టాండర్డు యంత్రమును రెండు స్థితులలో నుంచి సరిచూతురు. రోజుకు సగటున 12 సెకండ్లు అటునిటు తేడాను అంగీకరింతురు. ఎలబోరే మూడు స్థితులు, 7 సెకండ్లు. టాప్ అయిదు స్థితులు, 4 సెకండ్లు. ఇందులో బాలెన్సు చక్రమును, తీగచుట్టయు మేలుజాతి లోహముతో చేయబడును. క్రోనోమీటరు పరీక్షను 1973లో స్థాపితమైన కోస్క్ అను సంస్థ జరపును. పదునైదు దినములు, అయిదు స్థితులు, 8, 23, 38 డిగ్రీల మూడు ఉష్ణోగ్రతలు. సగటున రోజుకు 4 సెకండ్ల వెనుకబాటు మొదలు 6 సెకండ్ల ముందంజ వఱకే యనుమతి. స్థితులనగా నేమి? గడియారము చేతిపై వ్రేలాడునపుడు ఒక రీతిగను, బల్లపై వెల్లకిల నున్నపుడు మఱియొక రీతిగను నడచును. భూమ్యాకర్షణము బాలెన్సు చక్రమును ఒక్కొక్క తీరున లాగుటయే కారణము. కావున "లోపల సెల్లీటా యున్నది" అని చెప్పి తరగతి చెప్పని కంపెనీవారిని తరగతి యేదని అడుగవలెను. బదులు రాకున్న స్టాండర్డు అనియే యెంచుకొనుట క్షేమము.

స్టాండర్డు తరగతి తప్పని మా మాటకు అర్థము కాదు. మా తొమ్మిదవ తరగతి విద్యార్థులచే ఈ లెక్క వేయించితిమి. దినమునకు 86,400 సెకండ్లు. అందు 12 సెకండ్ల తప్పు అనగా 7,200 పాళ్లలో ఒక పాలు. ఏడు కిలోమీటర్ల దూరమును గొలిచి ఒక్క మీటరు తప్పిన యట్లు. దినమునకు 6,91,200 మారులు కొట్టుకొను ఒక చిన్న చక్రము ఇంతమాత్రమే తప్పుట చూచి ఒక బాలుడు "అయ్యా, మా యింటి గోడగడియారము కంటె నయమే" అనెను. అయితే కాలమును కచ్చితముగా దెలిసికొనుటయే కోరికయైనచో స్విస్ కీ గడియారము వలదు. సెకండునకు 32,768 మారులు కంపించు క్వార్ట్జు స్ఫటికము గల చౌక గడియారము నెలకు పదునైదు ఇరువది సెకండ్లకు మించి తప్పదు. ఈ నిజమును దాచి కీ గడియారమును పొగడు వ్యాపారిని నమ్మరాదు.

ఇప్పుడు యంత్రము బయటి సంగతులు. చిన్న కంపెనీల మంచి చెడ్డలు వాస్తవముగా తేలునది యిచ్చటనే. యంత్రము అందఱిదియు ఒకటే గదా! అద్దము నీలమణి స్ఫటికమా, మామూలు గాజా? కాఠిన్యమును గొలుచు మోహ్స్ మానములో వజ్రము 10, నీలమణి 9, మామూలు గాజు 5 లేక 6. మన వీథులలోని దుమ్ములో నుండు ఇసుక 7. గాజుపై గీతలు పడుటయు, నీలమణిపై పడకపోవుటయు ఈ అంకెలే చెప్పుచున్నవి. 30 మీటర్లని వ్రాసిన గడియారముతో ముప్పది మీటర్ల లోతునకు మునుగవచ్చునని తలపకుడు. అది నిశ్చలమైన నీటి యొత్తిడిని బట్టి చెప్పిన అంకె. వానచినుకులకు, చేతులు కడుగుకొనుటకు చాలును. ఈదువారికి 100 మీటర్లు కావలెను. బొడిపె మరతో బిగియునదైన మఱియు మేలు. మా పాత గడియారమునకు ఆ మర లేదు.

పిదప భూతద్దముతో ముండ్ల యంచులను చూడుడు. కోసిన గరుకు కనబడరాదు. తేదీ అంకె కిటికీ నడుమ నిలిచినదా? నిమిషపు ముల్లు పండ్రెండుపై నున్నపుడు గంటల ముల్లు సరిగా ఒక గీతపై నున్నదా? బొడిపెను వెలికి లాగినపుడు వదులుగా నూగినదా? పైకి కనబడు చోట అశ్రద్ధ చేసినవాడు కనబడని వాషరు విషయమున శ్రద్ధ చూపునా?

చిన్న కంపెనీవారు తక్కువ వెలకు ఎట్లు ఇయ్యగలరని కొందఱడుగుదురు. సినిమా తారల ప్రకటనలు లేవు, అంగడివాని లాభము లేదు, ముఖ్యకారణము లివియే. ఇంగ్లండునందు 2004లో స్థాపింపబడిన క్రిస్టఫర్ వార్డ్ కంపెనీ యిట్లే కొనువారికి నేరుగా అమ్ముచు, యంత్రమునకు అరువది నెలల హామీ యిచ్చి పేరు గాంచినది. 2014లో 120 గంటలు నడచు స్వంత యంత్రమునే వెలువరించినది. మన పొరుగున బెంగుళూరు వాచ్ కంపెనీ 2018లో నారంభమై, కొన్ని మాదిరులలో స్విస్ యంత్రముల నమర్చినది. 1961లో జపానువారి సహాయముతో హెచ్.ఎం.టి. గడియారములు పుట్టిన యూరిలో ఇట్టి ప్రయత్నము జరుగుట మాకు సంతోషకరము. మా తండ్రిగారి చేతి నుండినది హెచ్.ఎం.టి.యే. ఇందులకు విరుద్ధముగా, లక్ష రూపాయలని వ్రాసి దానిని కొట్టివేసి, ముప్పది వేలకే యిచ్చుచున్నామని చెప్పువారును కలరు. ఆ లక్షకు ఎవరును ఎన్నడును కొనియుండరు. అట్లే పాత స్విస్ యంత్రములకు క్రొత్త రంగు ముఖములు వేసి పురాతనములని అమ్మువారి యొద్ద నేర్పరి తోడు లేనిదే కొనరాదు.

మేము ఈ మారు మూడు కంపెనీలకు ఒకే ప్రశ్నల పట్టికను పంపితిమి: యంత్రపు తరగతి యేది, ఎన్ని స్థితులలో సరిచూచితిరి, వాషరులను విడిగా అమ్ముదురా, చెడినచో ఎచ్చటికి పంపవలెను. ఒకరు బదులు వ్రాయలేదు. ఒకరు ప్రకటన పత్రమునే తిరిగి పంపిరి. మూడవవారు నాలుగు ప్రశ్నలకును నాలుగు వాక్యములలో బదులిచ్చిరి; తమ ముఖపు రంగు ఎండలో కొంచెము వెలియుట కలదని అడుగకయే చెప్పిరి. వారి గడియారమునే కొంటిమి. ఎలబోరే తరగతి, మరతో బిగియు బొడిపె. మేస్త్రి దానిని టిక్కు టిక్కు శబ్దమును విని వేగమును జూపు తన పరికరముపై నుంచి తల యూచెను. ఏడు దినములు మేమే ధరించి, ప్రతి యుదయమున సెల్‌ఫోను గడియారముతో సరిచూచి వ్రాసికొంటిమి. రోజుకు సగటున 5 సెకండ్లు ముందు నడచుచున్నది.

ఆ పాత గడియారము సంగతియు చెప్పవలెను. దానిలోని యంత్రము సర్వత్ర దొరకు మాదిరి యగుటచే, మేస్త్రి త్రుప్పు పట్టిన దానిని తీసి అదే జాతి క్రొత్త యంత్రము నమర్చి, క్రొత్త వాషరు వేసి యిచ్చెను. ఆ వ్యయము మేము భరించితిమి. లెక్కల మాస్టరుగారు దానిని ఇప్పుడు స్నానమునకు పోవుటకు ముందు తీసి కిటికీలో పెట్టుచున్నారు. ఆదివారము మధ్యాహ్నము మాకు కబురంపి, ఆ వారపు తేడాను సెకండ్లలో చదివి వినిపింతురు.