మిల్లీమీటరు జెట్టు కథ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద పాత మారుతి 800 నడిపేవారికి బండి ఊపు జబ్బు కనబడదు. సిగ్నల్‌కో బ్రేకు, గజానికో క్లచ్చు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్ చౌరస్తా చేరేదాకా ఇంజను ఒక్క నిమిషం కూడా ఒకే వేగంలో ఉండదు. విజయవాడ రోడ్డెక్కి, హయత్‌నగర్ దాటి, టాప్ గేరులో 60, 70 మీద కాలు కదపకుండా పోతున్నప్పుడు బయటపడుతుంది. యాక్సిలరేటర్ అక్కడే ఉన్నా బండి ఉన్నట్టుండి ఉరుకుతుంది, అంతలోనే చప్పబడుతుంది, మళ్లీ ఉరుకుతుంది. ఈ ఊపునే జర్కులు కొడుతోందని, మిస్సింగ్ ఉందని చెప్పి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. షాపు ముందు నిలబెట్టి రేస్ చేస్తే ఏ లోపమూ ఉండదు. ఇక ప్లగ్గులు, కాయిలు, పంపు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ పోతాయి. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు పోదు.

ఇంజనుకు పెట్రోలు సరిగా అందకపోవడమన్నది కారంత పాత జబ్బు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా, ఆయన చేసిన మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. 100 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం అయిపోతే వీస్‌లాఖ్ ఊళ్లో మందుల దుకాణంలో కొన్నది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి తెరిచింది. కారు చరిత్రలో మొదటి దూరప్రయాణంలోనే ఈ రిపేరు ఉంది.

బెంజ్ బండిలో గాలి ఇంధనం మీదుగా పోతూ దాని ఆవిరిని వెంట తీసుకెళ్లేది. ఎంత ఆవిరి కలిసిందన్నది ఎండను బట్టి, కుదుపును బట్టి మారిపోయేది. 1893లో హంగేరీకి చెందిన దొనాత్ బాంకి, యానోష్ చొంకా పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బొరేటర్‌కు పేటెంటు తీసుకున్నారు. అదే ఏడాది జర్మనీలో విల్హెల్మ్ మేబాఖ్ కూడా అదే దారి పట్టాడు. దీని వెనకున్న సూత్రం అంతకు నూరేళ్ల ముందటిది. గొట్టం సన్నబడ్డ చోట ప్రవాహం వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురి 1797లో దీనిమీద తన ప్రయోగాలను ప్రచురించాడు. ఆ సన్నటి చోట ఒక చిన్న రంధ్రం పెడితే గాలే పెట్రోలును పీల్చుకుంటుంది. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. ఇంత సరళమైన, ఇంత తెలివైన పనిముట్లు తక్కువ.

ఆ రంధ్రమే మెయిన్ జెట్. విప్పి చేతిలో పెట్టుకుంటే చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క. వెలుతురుకు ఎత్తి చూస్తే మధ్యలో మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే చుక్క. ఎండిన పెట్రోలు జిగురు ఆ గోడలకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందాన అంటుకుందనుకుందాం. 1 మిల్లీమీటరు వ్యాసం 0.9 అవుతుంది, రంధ్రం వైశాల్యం 19 శాతం పడిపోతుంది. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు 19 శాతం తగ్గితే ఆ లెక్క 18 దాటుతుంది. అంత పలచని మిశ్రమం ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. అంటుకోనప్పుడు మిగిలిన పెట్రోలులో కొంత తర్వాతి విడతకు తోడై గట్టిగా మండుతుంది. ఊపు వచ్చేది అందుకే.

మరి ఒకే వేగంలోనే ఎందుకు? ఐడ్లింగ్‌కు వేరే జెట్ ఉంది. కాలు గట్టిగా నొక్కితే యాక్సిలరేటర్ పంపు అదనంగా పెట్రోలు చిమ్ముతుంది. నిలకడగా పోతున్నప్పుడు మాత్రం భారం ప్రధానంగా మెయిన్ జెట్ మీదే, అదీ మైలేజీ కోసం కాస్త పలచగానే కుదిర్చి ఉంటుంది. లోపం దాక్కోవడానికి అక్కడ చోటుండదు.

కాబట్టి పరీక్ష కూడా రోడ్డు మీదే చేయాలి. చోక్ నాబ్ ఉన్న బండైతే, ఊపు వస్తున్నప్పుడే నాబ్‌ను కొంచెం లాగి చూడండి. ఊపు పోయిందా, మిశ్రమం పలచబడ్డట్టే. పోలేదా, స్పార్కు వైపు, డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ అడ్వాన్స్ వైపు చూడాలి. పలచబడడానికి జెట్టొక్కటే కారణం కాదు. కార్బొరేటర్ కింది గాస్కెట్, పగిలిన వ్యాక్యూమ్ పైపు దొంగగాలిని లోపలికి వదులుతాయి. ఫిల్టర్ మూసుకుపోతే కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె మెల్లగా ఖాళీ అవుతుంది. అప్పుడు ఊపు త్వరత్వరగా రాదు. బండి చాలా దూరం బాగా పోయి చప్పబడుతుంది, కాసేపు కాలు తీస్తే కోలుకుంటుంది. ఈ తేడా గమనించి చెబితే మెకానిక్‌కు సగం పని తప్పుతుంది. ఇంకో మాట: బెర్తా పిన్ను గొట్టానికి పనికొచ్చింది కానీ జెట్టులో తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్ ద్రవంలో నానబెట్టి గాలి కొట్టాలి.

1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కినప్పుడు దానికి కార్బొరేటరే. 2000 తర్వాత ఉద్గార నిబంధనలు బిగిసేకొద్దీ కార్బొరేటర్ పోయి ఇంజక్షన్ వచ్చింది. 2014లో ఆ కారు తయారీ ఆగింది. ఇంజక్షన్ బండ్లలోనూ ఈ ఊపు వస్తుంది. థ్రాటిల్ సెన్సర్ లోపలి పట్టీ, కాలు ఎక్కువసేపు ఉండే చోటనే అరిగిపోతుంది.

ఇప్పుడు కొత్త కారణం ఒకటి చేరింది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఆ మిశ్రమానికి కావలసిన గాలి 14.7 కాదు, 13.5 దగ్గర. కొలత మార్చుకోలేని పాత జెట్టుకు ఇది ఇంకొంత పలచనే. అదీగాక ఇథనాల్ ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌కు చేరుస్తుంది, పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది.

ఆటోనగర్‌కో, మీకు నమ్మకమున్న మెకానిక్ దగ్గరికో వెళ్లినప్పుడు జెట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించండి. వేడి ఇంజను మీద చెమ్మగిల్లిన పైపు ఊపు దగ్గర ఆగదు, నిప్పు పుట్టిస్తుంది.