టౌన్‌హోమ్, కాండో, విడి ఇల్లు: కొనే ముందు డీడ్ చూశారా?

డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు తొలి ఇల్లు వెతుకుతున్నారా? స్కూల్, బెడ్‌రూమ్‌ల కంటే ముందు అసలు మీ పేరున ఏం వస్తుందో చూడండి.

కాండో అంటే దాదాపు మన అపార్ట్‌మెంట్ ఫ్లాటే. లోపలి భాగం మీది. పైకప్పు, స్థలం ఉమ్మడి. సింగిల్ ఫ్యామిలీ హోమ్‌లో ఇల్లూ స్థలమూ మీవే, వడగళ్లకు రూఫ్ పాడైతే బాగుచేయించాల్సిందీ మీరే. హెచ్‌ఓఏ బెడద ఉండదనుకోకండి, కొత్త కాలనీల్లో వీటికీ ఉంటుంది.

తికమకంతా టౌన్‌హోమ్‌తోనే. చూడటానికి ఒకేలా ఉన్న రెండింటిలో ఒకటి స్థలంతో సహా మీదవుతుంది, రెండోది చట్టప్రకారం కాండో కావచ్చు. బ్రోచర్‌లో ఇది కనిపించదు, డీడ్‌లో తేలుతుంది. ఇన్సూరెన్స్ కూడా దాన్నిబట్టే: కాండోకు హెచ్‌ఓ-6, స్థలంతో వచ్చే ఇంటికి సాధారణంగా హెచ్‌ఓ-3.

నెలవారీ హెచ్‌ఓఏ ఫీజు లెక్క వేసుకోవచ్చు. చెప్పకుండా వచ్చిపడేది స్పెషల్ అసెస్‌మెంట్. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న కూలి 98 మందిని బలిగొన్న కాండో భవనం గుర్తుందా? అంతకుముందే మరమ్మతుల కోసం 136 ఫ్లాట్ల యజమానులపై దాదాపు 1.5 కోట్ల డాలర్ల భారం పడింది. టెక్సాస్‌లో ఇలాంటి బకాయిలు కట్టకపోతే హెచ్‌ఓఏ ఇంటిని వేలం దాకా తీసుకెళ్లగలదు.

అందుకే రీసేల్ సర్టిఫికెట్ అడగండి. రిజర్వ్ నిధి, కోర్టు కేసులు, ఆమోదించిన పెద్ద ఖర్చులు అందులో ఉంటాయి.

ఇంట్లో చేరాక కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో హోమ్‌స్టెడ్ దరఖాస్తు పెట్టండి. ఫీజు లేదు, మూడు రకాల ఇళ్లకూ వర్తిస్తుంది.