పాత చెక్క మీద పాత రంగు ఎలా తీయాలి?

ఈ ఎపిసోడ్‌లో పాత చెక్క మీద పేరుకుపోయిన రంగు, వార్నిష్, స్టెయిన్ ఎలా తీయాలో చెప్పుకుందాం. మన సాలూరులో ఇది చాలా ఇళ్లలో ఉన్న సమస్యే. పాత పెంకుటింటి వసారా స్తంభాలు, గుమ్మాలు, అటక పలకలు, మెట్లు... పండగ వచ్చినప్పుడల్లా ఒక కోటు వేసుకుంటూ వచ్చారు. ఇప్పుడది పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. కొండ మీద, అరకు వైపు చెక్క పలకల వరండా వేయించుకున్నవాళ్లకి ఇంకో బాధ. వానకి, ఎండకి స్టెయిన్ మచ్చలు మచ్చలుగా వెలిసిపోతుంది. రెండింటికీ దారి దాదాపు ఒకటే.

ముందు ఒక మాట. "పీకేసి కొత్తది పెట్టించేద్దాం" అని తొందరపడకండి. పాత ఇళ్లలో వాడింది టేకు, గుగ్గిలం, ఏగిస, నల్లమద్ది లాంటి చేవ ఉన్న కర్ర. అలాంటిది ఇప్పుడు కొనాలంటే మాటలు కాదు. రంగు పాడైందంటే కర్ర పాడైనట్టు కాదండి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గుచ్చి చూడండి. దిగలేదా, కర్ర బాగుంది. మెత్తగా దిగిపోతే ఆ ముక్క వరకు మార్పించండి, చాలు.

ఇప్పుడు అసలు పైన ఉన్న పూత ఏమిటో తెలుసుకోవాలి. కనిపించని మూల చూసుకుని, దూదికి స్పిరిట్ తడిపి రుద్దండి. జిగురుగా కరిగి దూదికి అంటితే అది లక్క పాలిష్. దాన్ని స్పిరిట్‌తోనే తీసేయొచ్చు. స్పిరిట్‌కి కదలకుండా థిన్నర్‌కి మెత్తబడితే లాకర్. రెండింటికీ లొంగకపోతే ఆయిల్ పెయింట్ గానీ వార్నిష్ గానీ అయ్యుంటుంది. అది గీకాల్సిందే, లేదా రిమూవర్ వాడాల్సిందే.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగైతే సీసం ఉండొచ్చనే అనుకోండి. సీసం దుమ్ము నేల మీద పడుతుంది, పిల్లల చేతులకి అంటుతుంది, అక్కడి నుంచి నోట్లోకి పోతుంది. ఎదిగే మెదడుకి చేటు చేస్తుంది. కాబట్టి పాత రంగుని పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దొద్దు, మెషిన్ అసలే పెట్టొద్దు. నీళ్లు చిలకరించి, తడిమీద గీకండి. కింద ప్లాస్టిక్ పట్టా పరవండి. ఊడిన పెచ్చులన్నీ అందులోనే మూటగట్టండి, పెరట్లో పోయొద్దు, పొయ్యిలో వేయొద్దు. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. బ్లో ల్యాంపుతో కాల్చి గీకేద్దామంటారు కొందరు. వద్దండి. మరీ వేడెక్కితే సీసం పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కర్రా మాడుతుంది.

రిమూవర్ కొంటే డబ్బా మీద చదవండి. మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే, తలుపులు మూసిన గదిలో దాని ఆవిరికి ప్రాణాలే పోయాయి. అమెరికాలో 2019లో రంగు తీసే మందుగా దాన్ని మామూలు జనానికి అమ్మకుండా ఆపేశారు. ఏ రిమూవర్ అయినా ఆరుబయటే, చేతికి గ్లవ్స్ వేసుకునే వాడండి. మందంగా రాసి, బుడగలొచ్చేదాకా ఆగి, పట్టీ బ్లేడుతో కర్ర పొడవునా, నార పోయే దారిలోనే తీయండి. అడ్డంగా లాగితే గీతలు పడిపోతాయి. చెక్కడాల సందుల్లో పాత టూత్‌బ్రష్ బాగా పనిచేస్తుంది.

కాస్టిక్ సోడా చవకే, రంగుని సబ్బులా మార్చి తీసేస్తుంది కూడా. కానీ టేకుని నల్లబరుస్తుంది, నారని వదులు చేస్తుంది. గుమ్మాలకి, చెక్కడం ఉన్న స్తంభాలకి వాడకపోవడమే మంచిది.

రంగు పోయాక మేకుల చుట్టూ నల్లమచ్చలు కనిపిస్తాయి. అది మురికి కాదు. కర్రలోని వగరు, ఇనుము, తడి కలిస్తే నలుపు పుడుతుంది. కరక్కాయకి ఇనుము కలిపి సిరా చేసేవారు చూడండి, అదే సంగతి. ఎంత రుద్దినా పోదు. లీటరు గోరువెచ్చని నీళ్లకి 60 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ ప్లాస్టిక్ బకెట్లో కలిపి, బ్రష్‌తో రాసి, పావుగంట ఆగి, బాగా కడగండి. మచ్చ తేలిపోతుంది. అది విషం, పిల్లలకి అందనివ్వొద్దు. కడగకుండా ఎండిపోతే దాని దుమ్ము కూడా మంచిది కాదు.

తర్వాత కర్రని ఆరనివ్వాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు చేసుకుంటే హాయి. నీడలో, గాలికి కొన్ని రోజులు వదిలేయండి. నీటిచుక్క వేసి చూస్తే, పూసలా నిలబడితే పాత పూత ఇంకా ఉన్నట్టు. ఇంకిపోతే శుభ్రమైనట్టు. సీసం అనుమానం లేని చెక్క అయితే 80 నంబరు, తర్వాత 120 ఉప్పు కాగితంతో నునుపు చేయండి. అనుమానం ఉంటే తడిపే రుద్దండి.

చివరికి లిన్‌సీడ్ ఆయిల్ పలచగా రెండు మూడు కోట్లు. మిగిలిన నూనె గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే జిగటగా మిగులుతుంది. ఆ గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి పోయే దారి లేక వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి.

సాలూరు అంటే లారీల ఊరు. లారీ తొట్టె చెక్కలకి రంగులు వేసే వడ్రంగులు, పెయింటర్లు మన మధ్యే ఉన్నారు. ఈ పని వాళ్లకి అప్పజెప్పినా సీసం సంగతి ఒకసారి చెప్పండి. ఆ దుమ్ము బట్టలకి అంటుకుని వాళ్ల ఇంటికీ, వాళ్ల పిల్లల దగ్గరకీ పోతుంది. మాస్కు, తడిగుడ్డ, ఇంటికి వెళ్లేముందు బట్టలు మార్చుకునే చోటు... ఇవి మనం ఇస్తే పోయేదేం లేదు. మీ తాతల గుమ్మం నిలబడుతుంది, పనిచేసినవాళ్లూ క్షేమంగా ఉంటారు.