ఖుక్రీ యను పేరు

ఖుక్రీ యనగా గూర్ఖాలు నడుమున దోపుకొను వంపుకత్తి. ఈ పేరుతో మన నౌకాదళమున బనిచేసిన రెండు నౌకల వృత్తాంతమును సోదరీమణులకు దెలుపవలెనని మా తలంపు.

మొదటి ఖుక్రీ ఫ్రిగేటు జాతి నౌక. ఇంగ్లండులో నిర్మింపబడి 1958 జూలైలో మన దళమున జేరినది. నీటి క్రింద పొంచియుండు జలాంతర్గాములను వెదకి నాశనము చేయుటయే దాని ముఖ్యోద్యోగము. నీటిలోనికి ధ్వనిని బంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి శత్రువు జాడ తీయు సోనారను యంత్రము దానికి గలదు. అయితే ఆ యంత్రము వినగల దూరముకంటె శత్రువు యంత్రము వినగల దూరమే యెక్కువయ్యెను. 1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూకు సమీపమైన సముద్రమున, పాకిస్తాను జలాంతర్గామి హాంగోరు ప్రయోగించిన టార్పెడో తగిలి ఖుక్రీ కొలది నిమిషములలో మునిగిపోయినది. వేటకు వెడలినదే వేటపాలయ్యెను.

కెప్టెను మహేంద్రనాథ్ ముల్లాగారు తమ ప్రాణరక్షణ కవచమును ఒక నావికున కిచ్చివేసి, తోడివారిని నీటిలోనికి దింపుచు, తాము నౌకను విడువక దానితోనే మునిగిరి. 18 గురు అధికారులు, 176 గురు నావికులు మరణించిరి. యుద్ధచరిత్రకారులు నౌక బరువును, ఫిరంగులను లెక్కింతురు. వాకిట కండ్లు పెట్టుకొని యెదురుచూచిన తల్లులను, భార్యలను లెక్కించినవారు మాకు గానరారు. ముల్లాగారికి మరణానంతరము మహావీర చక్రము నొసగిరి.

మన యిండ్లలో తాతపేరు మనుమనికి బెట్టుదుము గదా! నౌకాదళమువారును అట్లే చేసిరి. బొంబాయి మజగావ్ డాకులో గట్టిన కొర్వెట్టు నొకదానికి ఖుక్రీ యని పేరిడిరి. ఫ్రిగేటుకంటె చిన్నదానిని కొర్వెట్టందురు. 1989 ఆగష్టు 23న దానిని దళమున జేర్చు నుత్సవమున రక్షణమంత్రి కృష్ణచంద్ర పంత్‌గారితో గూడ ముల్లాగారి భార్య సుధా ముల్లాగారు పాల్గొనిరి. క్రొత్త నౌకను నీట దింపునపుడు స్త్రీచేత జేయించుట నౌకాదళమున నాచారమే. కాని పదునెనిమిదేండ్ల క్రిందట భర్తను గొనిపోయిన నౌక పేరునే మఱియొక నౌకపై జదువుచు ఆమె నిలువబడుట ఆచారముతో దీరునది కాదని మా యభిప్రాయము.

ఈ రెండవ ఖుక్రీ పడమటి దళమునను, తూర్పు దళమునను బనిచేసినది. 28 గురు అధిపతుల చేతులు మారి, 6,44,897 నాటికల్ మైళ్లు దిరిగినది. 2021 డిసెంబరు 23న, మన విశాఖపట్టణముననే, సూర్యాస్తమయ వేళ దాని పతాకములను దింపిరి. ముప్పదిరెండేండ్ల సేవ యట్లు ముగిసినది.

పాత యోడలను సాధారణముగా విఱిచి ఇనుముక్రింద నమ్మివేయుదురు. దీని కా గతి పట్టలేదు. 2022 జనవరిలో దీనిని ప్రదర్శనశాలగా నుంచుటకై డయ్యూకు బంపిరి. అచ్చట సముద్రమున కెదురుగా మిట్టపైన, అద్దాల గదిలో మొదటి ఖుక్రీ నమూనాను స్మారకముగా నంతకుమున్నే నిలిపియుండిరి.